సాక్ష్యం చెప్పడం మీకు వచ్చు కదా



నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు వైపు ఆదివారం మందిరానికి పోయే మన పిల్లలతో ఈరోజు కొన్ని మాటలు మాట్లాడాలి. చెంచు గూడేల్లో ప్రార్థన కూడికలకు వెళ్లేవాళ్లు, సుగాలి తండాల్లో యూత్ మీటింగులు నడిపేవాళ్లు, ఎరుకల వాడల్లో పాటలు కట్టి పాడేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. టౌన్ నుంచి గూడేనికి సేవ చేద్దామని వచ్చే దళిత క్రైస్తవ మిత్రులు కూడా చదవండి. చర్చి గడప తొక్కని మనవాళ్లూ చదవండి, మీకు తగిలే మాట కూడా మధ్యలో ఉంది.

సేవ అనగానే మనకు కళ్లముందు కదిలే బొమ్మ ఒకటే. డిసెంబర్ వస్తుంది. ఆటోలో దుప్పట్లు వస్తాయి. ముసలమ్మలను వరసగా కూర్చోబెడతారు. కేకు కోస్తారు, ఫొటోలు దిగుతారు, పొద్దుగూకే లోపల బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. నేను దీన్ని ఎగతాళి చేయట్లేదు. నల్లమల చలి ఎట్లుంటాదో తెలిసినవాడెవడూ దుప్పటిని ఎగతాళి చేయడు. నా ప్రశ్న వేరే. ఆ ముసలమ్మ పడుకునే గుడిసె కింద నేల ఎవరి పేరు మీద ఉంది? ఆమె కొడుకు దున్నుకునే రెండెకరాలకు ఆర్ఓఎఫ్ఆర్ పట్టా వచ్చిందా? అసలు అర్జీ పెట్టారా? పెడితే ఏమైంది? కాదన్నారంటే ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా ఇచ్చారా? దుప్పటి ఇచ్చిన సంఘంలో ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసి కుటుంబం సాగుభూమి మీద హక్కు అడగాలంటే, 2005 డిసెంబర్ 13కు ముందునుంచే ఆ నేల మీద ఉన్నామని చూపాలి. కాగితం ముఖం చూడని జనం ఏం చూపుతారు? అందుకే ఆ చట్టం నియమాల్లో 13వ నియమం పెట్టారు. ప్రభుత్వ రికార్డులు, ఓటరు కార్డు, రేషన్ కార్డు మాత్రమే రుజువులు కావు. ఇల్లు, పొలం గట్టు, పాత బావి, సమాధులు, దేవర స్థలాలు కూడా రుజువులే. అర్జీదారు కాకుండా వేరే పెద్దలెవరైనా చెప్పిన మాటను రాతలో పెడితే అదీ రుజువే. వీటిల్లో ఒకటి కంటే ఎక్కువ రకాలు ఉండాలని నియమం.

అంటే చట్టం అడుగుతున్నది సాక్ష్యం. మీ మందిరంలో ప్రతి ఆదివారం వినిపించే మాటే కదా అది! పదో తరగతి తప్పిన పిల్ల కూడా అక్కడ మైకు పట్టుకుని ఏ సంవత్సరం తనకు ఏం జరిగిందో తడబడకుండా చెప్తుంది. పదిమందీ ఓపిగ్గా వింటారు. కార్యదర్శి మినిట్స్ రాస్తాడు. కోశాధికారి కానుకల లెక్క చదువుతాడు. స్త్రీల సమాజం ఇంకో రోజు విడిగా కూడుతుంది. గూడెంలో గ్రామసభ నడవాలంటే కావలసింది కూడా ఇదే పని. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి, తీర్మానం రాయాలి, సంతకాలు వేలిముద్రలు పెట్టించాలి. మన గూడేల్లో మనుషులున్నారు, జ్ఞాపకం ఉంది, హక్కు ఉంది. రాసేవాళ్లే తక్కువ. రాయడం, చదివి వినిపించడం, లెక్క అప్పజెప్పడం అలవాటైన పిల్లలు మీ దగ్గర ఉన్నారు. నేను అడిగేది ఆ పిల్లలనే.

మన వైపు ఈ పని ఇంకా ఎందుకు అవసరమో కూడా చెప్తాను. నల్లమల ఒకటే, కానీ చట్టాలు వేరు. కృష్ణ అవతల అమ్రాబాద్ వైపు చెంచు గూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల మన బైర్లూటి, పెచ్చెరువు లాంటి గూడేలు ఆ షెడ్యూల్‌లో లేవు. అందుకని పెసా వర్తించదు, 1/70 వర్తించదు. శ్రీశైలం ఐటీడీఏ ఉన్నా ఆ రక్షణ మాత్రం లేదు. మైదానపు పెద్ద ఊరి పంచాయతీలో గూడెం ఒక మూలకు పడి ఉంటుంది. అయితే అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్న పట్టింపు లేదు. దాని లెక్కలో అడవి గ్రామం, పాత నివాసం, సర్వే కాని ఊరు, ఏదైనా సరే, నోటిఫై చేసినా చేయకపోయినా అది గ్రామమే. గూడెం తన గ్రామసభ తానే పెట్టుకోవచ్చు. చెంచులు పీవీటీజీ కాబట్టి ఆవాస హక్కు కూడా అడగవచ్చు. అంటే సాగు చేసే చెక్క ఒక్కటే కాదు, తేనె తీసే కొండ, గడ్డలు తవ్వే చోటు, పెద్దల సమాధులు, తిరిగే దారి అన్నీ కలిపి. పులుల అభయారణ్యం పక్కన బతికే జనానికి ఇంతకంటే పెద్ద ఆయుధం ఇంకోటి కనిపించట్లేదు నాకు.

"మాకు రాజకీయాలు వద్దన్నా, మాది ఆత్మల పని" అనే తమ్ముళ్లు ఉన్నారు. వాళ్లను బైబిలు తెరవమంటాను. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం, నాబోతు ద్రాక్షతోట కథ. రాజు తోట అడిగాడు, పూర్వీకుల భూమి ఇవ్వనన్నాడు నాబోతు. రాణి ఏం చేసింది? రాజు పేరుతో ఉత్తరాలు రాయించి, ముద్ర వేయించి, దొంగ సాక్షులను నిలబెట్టింది. నాబోతును చంపి భూమి లాక్కున్నారు. దొంగ కాగితం, దొంగ సాక్ష్యం, పోయిన భూమి. ఏ తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగిన ఆదివాసికైనా ఈ కథ కొత్తదా? ఏలీయా అప్పుడు రాజుకు దుప్పటి పంచే కార్యక్రమం పెట్టలేదు, నేరుగా పోయి నిలదీశాడు. సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు మోషే ముందు, యాజకుడి ముందు, సమాజం అంతటి ముందు నిలబడి మా నాన్న భూమిలో మాకు వాటా ఏదని అడుగుతారు. వాళ్లు అడిగింది న్యాయమేనని అక్కడే తేలింది, వాటా ఇమ్మని కట్టడ వచ్చింది. మన చట్టంలో పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఇవ్వాలని ఉంది. ఎంతమంది పాస్టరమ్మలు స్త్రీల కూడికలో ఈ రెండూ కలిపి చెప్పారు?

పౌలు సంగతి ఇంకా బాగుంటుంది. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. తెల్లారి మెల్లగా వెళ్లిపొమ్మన్నారు. పోలేదాయన. మేం రోమా పౌరులం, విచారణ లేకుండా అందరి ముందూ కొట్టారు, ఇప్పుడు రహస్యంగా పంపిస్తారా, అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలి అని కూర్చున్నాడు. వాళ్లు వచ్చారు, బతిమాలుకున్నారు. కట్టెల మోపు కోసమో తేనె కోసమో పోయి దెబ్బలు తిని "సరే సామీ" అని తలొంచుకుని ఇంటికొచ్చే మనవాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించండి. పౌరసత్వాన్ని వాడుకోవడం అవిశ్వాసం అని పౌలు అనుకోలేదు.

క్రైస్తవ సేవకు మన చుట్టుపక్కల మంచి చరిత్ర ఉంది, చెడ్డ చరిత్రా ఉంది. రెండూ తెలియాలి.

మంచిది ముందు. మన నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి ఒంగోలు వైపు పోయే గుండ్లకమ్మ ఉంది కదా. 1876-78 ధాత కరువులో ఆ ఒంగోలు సీమలో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఆకలితో చస్తున్న వేలమందికి, ఎక్కువగా మాదిగ కుటుంబాలకు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బిచ్చం వెయ్యలేదు, గంజి కోసం చెయ్యి చాపించలేదు. ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక, సాయం ఆగిపోయాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను చాలామంది పాస్టర్లు గొప్పగా చెప్తారు. దాని ముందు తలుపు మూసిపెట్టిన నెలల గురించి చెప్పరు. బియ్యం సంచి ఒక చేత్తో, తొట్టి ఒక చేత్తో పట్టుకుని గూడేనికి వచ్చేవాళ్లు ఆ నెలల గురించి తెలుసుకోవాలి.

ఇక చెడ్డది. బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని ఇంకా బిగించారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. ఆ తర్వాత బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను పెట్టడానికి స్టువర్ట్‌పురం సెటిల్మెంటు కట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో ఇట్లాంటిదాన్నే అమెరికన్ బాప్టిస్టులు నడిపారు. బడి పెట్టారు, ప్రార్థన పెట్టారు, పని నేర్పారు, నిజమే. హాజరు కూడా వేశారు. చీటీ లేకుండా బయటికి పోకూడదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి అక్కడి జనం చవక కూలీలయ్యారు. ఆ మిషనరీలు చెడ్డవాళ్లా అంటే, చాలామంది మనసారా సేవే చేస్తున్నామనుకున్నారు. ఆ మనుషుల మీద వేసిన ముద్ర తప్పు అని మాత్రం అడగలేదు. హక్కు సంగతి ఎత్తని సేవ ఎంత దూరం పోగలదో ఎరుకల బిడ్డలకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, తాతలనడిగితే చాలు.

ఈ రెండిటి మధ్య మారిన మనిషి ఒకాయన ఉన్నాడు, మన రాష్ట్రం కాదు, ముండాల దేశం. బిర్సా ముండా చిన్నప్పుడు చాయీబాసా మిషన్ బడిలో చదివి, అందులోంచి బయటికి వచ్చేశాడు. భూమి పోరాటంలో మిషన్ తమ పక్షాన లేదని అక్కడి ముండాలకు కోపం. 1899 క్రిస్మస్ ముందు రోజున ఆయన మనుషులు సర్వాడా మిషన్ మీద బాణాలు వేశారు. ఆ మిషన్‌లో ఉన్న పాద్రి జాన్ హాఫ్‌మన్. 1900 జూన్‌లో బిర్సా జైల్లో చనిపోయాడు. హాఫ్‌మన్ ముండా భాష, ముండాల భూమి కట్టుబాట్లు కూర్చుని నేర్చుకున్నాడు, రాసి పెట్టాడు. ఆదివాసి భూమి బయటివాళ్లకు పోకుండా 1908లో వచ్చిన చోటానాగపూర్ కౌలు చట్టం తయారీలో ఆయన పని ఉంది. బాణం ఏం చెప్పిందో అర్థం చేసుకున్న పాద్రి అని నేనంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

అదే సీమలో, రాంచీలోని ఎస్పీజీ బడిలో చదివినవాడే జైపాల్ సింగ్ ముండా. మన నంద్యాల ఎస్పీజీ హైస్కూల్ పేరులో ఉన్న సొసైటీయే అది. 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి, తాను జంగ్లీనని గర్వంగా చెప్పుకుని, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పే పని పెట్టుకోవద్దు, వాళ్ల దగ్గరే నేర్చుకోండి అన్నాడు. బాప్తిస్మం తీసుకున్న మనిషే. తెగను వదిలిపెట్టలేదు.

ఇక్కడ చర్చికి పోని మనవాళ్లకు ఒక మాట. మందిరానికి పోయే పిల్లను "నువ్వు మా మనిషివి కాదు" అనడం మానండి. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఎస్సీల ఉత్తర్వులో ఉంది, అందుకే మన పక్క ఊరి మాల, మాదిగ క్రైస్తవులు కాగితం మీద బీసీ-సి అయిపోయారు. అది వాళ్ల కడుపుమంట, వాళ్లతో కలిసి మాట్లాడాల్సిన విషయం. ఎస్టీలకు ఆ షరతు పెట్టాలని, మతం మారినవాళ్లను జాబితాలోంచి తీసేయాలని ఇప్పుడు దేశమంతా తిరుగుతున్నవాళ్లున్నారు. మనలో మనం గీత గీసుకుంటే వాళ్ల పని సగం మనమే చేసి పెట్టినట్టు.

మందిరం వైపు వాళ్లకూ ఇంకో మాట. 2004లో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని చెప్పింది. కానీ ఆ మనిషి ఇంకా తెగ కట్టుబాట్లలో ఉన్నాడా, తెగ వాళ్లు తమ మనిషిగా చూస్తున్నారా అన్నది చూడాలని కూడా చెప్పింది. కాబట్టి తెగ పండుగకు పోవద్దు, చావుకు పోవద్దు, పెద్దల దినానికి పోవద్దు అని పిల్లలకు ఆంక్ష పెట్టే పాస్టరుగారు ఒక్క ఆత్మ విషయమే తేలుస్తున్నాననుకుంటే పొరపాటు. రేపు కోర్టులో ఆ పిల్లవాడి ఎస్టీ సర్టిఫికెట్ మీద పడే ప్రశ్నకు ఆయనే మసాలా ఇస్తున్నాడు. ఆళ్లగడ్డ వాళ్లకు నేను చెప్పాలా? అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు, చెంచులకు ఆయన అల్లుడు. కనుమనాడు పార్వేట బయల్దేరుతుంటే చెంచులు విల్లంబులతో వస్తారు. నువ్వు ఆ దేవుడికి మొక్కకపోవచ్చు. కానీ ఆ రోజు మీ మేనమామ విల్లు పట్టుకుని ముందు నడుస్తుంటే నువ్వు జనంలో నిలబడి చూడటానికి ఏం అడ్డం?

ఓటు సంగతి కూడా కొంచెం. నంద్యాల మామూలు సీటు కాదు. 1977లో నీలం సంజీవరెడ్డిని గెలిపించింది, ఆయన రాష్ట్రపతి అయ్యాడు. 1991లో ప్రధాని పీవీ నరసింహారావును ఉప ఎన్నికలో అయిదు లక్షలు దాటిన మెజారిటీతో పంపింది. అంత బరువున్న ఓటు మనది. ఎన్నికలు రాగానే పాస్టర్ల సమావేశాలు, శాలువాలు, ప్రార్థనలు మొదలవుతాయి, అన్ని పార్టీలూ చేస్తాయి. అక్కడ ఏం అడుగుతున్నారు? మందిరానికి స్థలం, ప్రహరీగోడ, శ్మశానం. అడగండి, అవీ కావాలి. పాస్టర్ల గౌరవ వేతనం నెలకు 5,000 కోసం ఎన్ని కాగితాలు జతచేసి, ఎన్నిసార్లు సచివాలయం మెట్లెక్కారో మాకు తెలుసు. అర్జీ ఎట్లా పెట్టాలో, అధికారిని ఎట్లా వెంటాడాలో మీకు బాగా వచ్చు. అదే ఓపికతో ఒక్క గూడెం పట్టుకోండి. ఒక్కటి చాలు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ చేసింది గుర్తుందా? మన్మాడ్‌లో రైతులతో కలిసి బావులు తవ్వించినందుకు 1968లో దేశం వదలాల్సి వచ్చి, 1969లో అనంతపురం వచ్చి, తర్వాత పాద్రి పదవి కూడా వదిలేసి, 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఒక్క డిసెంబర్‌కు రాలేదు ఆయన. జార్ఖండ్‌లో స్టాన్ స్వామి ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసి పిల్లల లెక్క తీసి హైకోర్టుకు పోయాడు. 2021 జులై 5న ఆయనే విచారణ ఖైదీగా చనిపోయాడు. అంత దాకా పొమ్మని ఎవరినీ అడగట్లేదు. ఈ పనిలో ఖర్చు ఉంటుందని చెప్తున్నానంతే. ఫారెస్టోళ్లు ముఖం చిట్లిస్తారు, కానుకలిచ్చే పెద్దమనిషికి నచ్చకపోవచ్చు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, పోయి ముందు వినండి. మీ అజెండా, కరపత్రం, ప్రార్థన పట్టీ ఇంట్లో పెట్టి పోండి. గూడెం పెద్దను అడిగి, ఆయన పిలిచిన రోజు పోండి. అటవీ హక్కుల కమిటీ ఉందా, ఉంటే అందులో 10 నుంచి 15 మంది, మూడోవంతు ఆడవాళ్లు, మూడింట రెండు వంతులు ఎస్టీలు ఉన్నారా చూడండి. సొంత సాగుకు ఫారం-ఎ, ఉమ్మడి హక్కులకు ఫారం-బి, ఊరి అడవి మొత్తానికి ఫారం-సి. రాసింది రాసినట్టు వాళ్ల భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర. అందరికంటే ముందు, 75 దాటిన అవ్వలు తాతల మాటలు రాసుకోండి. ఏ వాగు పక్కన ఏ గూడెం ఉండేది, ఎవరి సమాధి ఎక్కడుంది, ఎవరు ఎప్పుడు లేపేశారు. ఆ పని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు. అక్కడ కూర్చున్నప్పుడు మతం సంగతి వాళ్లడిగితే చెప్పండి, అడక్కపోతే వద్దు.

తిరస్కరణ వస్తే భయపడకండి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించిన అర్జీదారులను అడవి నుంచి ఖాళీ చేయించమంది, దేశమంతా గొడవ అయ్యాక అదే నెల 28న ఆ ఉత్తర్వు ఆపింది. అది మన మెడ మీద ఇంకా వేలాడుతున్న కత్తే. అందుకే ఎన్ని అర్జీలు సరిగా చూడకుండా కొట్టేశారో తేల్చుకోవాలి. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి పోవాలన్నా, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి పోవాలన్నా గడువు 60 రోజులు. నోటికి చెప్తే కుదరదు, కారణం రాసిన కాగితం అడిగి తీసుకోండి. దాని మీద తేదీ చూడండి. మన గూడెంలో ప్రతి క్రైస్తవ ఇంటి గోడకూ వాక్యం ఉన్న క్యాలెండర్ ఒకటి వేలాడుతుంటుంది కదా, అందులో ఆ తేదీ నుంచి లెక్కపెట్టి అరవయ్యో రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ రోజుకు ఓ పది రోజుల ముందే అప్పీలు ఇచ్చి, రసీదు తెచ్చి, జిరాక్సు ఒకటి గూడెం పెద్ద దగ్గర, ఒకటి మందిరం బీరువాలో పెట్టండి.